నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ 14 పక్కనే 17ను పెట్టి పరీక్షించడం: సమగ్ర మార్గదర్శి

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ దుకాణాల్లోనూ, విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ షాపుల్లోనూ సర్వర్లు చూసుకునేవాళ్లు ఈ మధ్య మళ్లీ మళ్లీ అడుగుతున్న మాట ఇది: "పాత పోస్ట్‌గ్రెస్ ఆగకూడదు, కొత్తది పక్కన పెట్టి చూసుకోవాలి. ఎలా?" పోస్ట్‌గ్రెస్ అంటే దుకాణం లెక్కలు దాచే డేటాబేస్ సర్వర్ ప్రోగ్రాం. ఉబుంటు 22.04తో వచ్చేది దాని 14వ వెర్షన్ కాబట్టి చాలా ఆఫీసుల్లో ఉన్నది అదే. దానికి తయారీ బృందం ఇచ్చే మద్దతు 2026 నవంబరులో ముగుస్తుంది. 17కు 2029 నవంబరు దాకా ఉంటుంది.

రెండు వెర్షన్లను ఒకే మెషీన్ మీద పెట్టడం పెద్ద పని కాదు. ఉబుంటు, డెబియన్ ప్యాకేజీలు దానికి తగ్గట్టే తయారయ్యాయి. కష్టమంతా ఆ రెంటినీ విడిగా ఉంచడంలో ఉంది. కొత్తదానికి ఇవ్వాల్సిన ఆదేశం పాతదానికి వెళ్లకూడదు. పరీక్ష కోసం కొట్టిన పట్టీ, అంటే సరుకు అమ్మకం లెక్క చీటీ, రైతు ఫోనుకు ఎస్ఎంఎస్‌గా వెళ్లకూడదు. అందుకే ఇన్‌స్టాల్ చేయడం గురించి తక్కువగా, వేరు చేయడం గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ఆదేశాల పేర్లు ఇక్కడ పలికే తీరులో రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, "పీజీ" అన్న తర్వాత అండర్‌స్కోర్ పెట్టి కొట్టాలి. పీజీ డంప్, పీజీ డంప్‌ఆల్ కూడా అంతే.

1. మొదలుపెట్టే ముందు

వేరే మెషీన్ దొరికితే పరీక్ష అక్కడే చేయండి, పాత డెస్క్‌టాప్ అయినా ఫరవాలేదు. అయితే దాని మీద కూడా లైవ్ సర్వర్‌లో ఉన్న ఉబుంటు వెర్షనే ఉండాలి. అది మారితే అక్షరక్రమం నియమాలు కూడా మారే వీలుంది, అప్పుడు తేడా పోస్ట్‌గ్రెస్ వల్ల వచ్చిందో ఉబుంటు వల్ల వచ్చిందో తేలదు. వేరే మెషీన్ లేకపోతే లైవ్ మెషీన్ మీదే చేయవచ్చు, కింద చెప్పిన కంచెలన్నీ కట్టుకున్నాకే.

రోజు ఎంచుకోవడం కూడా తయారీలో భాగమే. సీజన్లో, రోజుకు లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి సరుకు దిగే వారాల్లో, లైవ్ మెషీన్‌ను పగలు ముట్టుకోవద్దు. యార్డుకు సెలవుండే శని, ఆదివారాలు ఇన్‌స్టాల్‌కు సరిపోతాయి. అసలు మార్పిడికి మే, జూన్‌లో వచ్చే వేసవి సెలవులను మించిన సమయం లేదు.

కాగితం మీద రాసుకుని టిక్కు పెట్టాల్సినవి:

☐ డిస్కులో ఖాళీ: ఇప్పటి డేటా ఫోల్డర్ సైజుకు కనీసం రెండున్నర రెట్లు. డంపు ఫైలుకు (డేటా అంతా బయటికి తీసి రాసిన ఫైలు), కొత్త కాపీకి, రీస్టోర్ నడుస్తుండగా పెరిగే లాగ్ ఫైళ్లకు అంత కావాలి.
☐ మెమరీ: లైవ్ సర్వర్ రద్దీలో ఎంత వాడుతోంది, ఎంత మిగులుతోంది.
☐ ఎక్స్‌టెన్షన్ల (పోస్ట్‌గ్రెస్‌కు విడిగా తగిలించే అదనపు సౌకర్యాల) జాబితా, ప్రతి డేటాబేస్‌కూ విడివిడిగా.
☐ డేటాబేస్‌ల ఎన్‌కోడింగ్ (అక్షరాలు దాచే తీరు), లొకేల్ (అక్షరక్రమం లాంటి భాషా నియమాలు).
☐ సర్వర్‌కు కనెక్ట్ అయ్యేవన్నీ: బిల్లింగ్ ప్రోగ్రాం, రిపోర్టులు, రాత్రి నడిచే క్రాన్ పనులు, ఎస్ఎంఎస్ పంపే ప్రోగ్రాం.
☐ నిన్నటి బ్యాకప్‌ను వేరేచోట రీస్టోర్ చేసి, తెరిచి చూడటం.

చివరిది అవ్వకుండా రెండో మెట్టుకు రావద్దు. బ్యాకప్ ఫైలు ఉన్నంత మాత్రాన అది పనికొస్తుందని నమ్మలేం. రీస్టోర్ చేసి, అందులో నిన్న సాయంత్రం కొట్టిన ఆఖరి పట్టీ కనపడితేనే నమ్మాలి.

2. ఇన్‌స్టాల్: పాతదాన్ని కదిలించకుండా

17 కోసం పోస్ట్‌గ్రెస్ బృందం నడిపే ఆప్ట్ రిపాజిటరీని (ఉబుంటు ప్యాకేజీలు దించుకునే చోటు) చేర్చుకోవాలి. చేర్చగానే ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టే అలవాటు చాలామందికి ఉంది. ఇక్కడ అదే ప్రమాదం. కొత్త రిపాజిటరీలో 14కు తాజా మైనర్ వెర్షన్ ఉంటే అది దిగి లైవ్ సర్వర్ రీస్టార్ట్ అవుతుంది. పైగా వెర్షన్ అంకె లేని "పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్" అనే మెటా ప్యాకేజీ మీ మెషీన్‌లో ఉంటే, మీరు అడగకుండానే అన్నిటికన్నా కొత్త మేజర్ వెర్షన్ వచ్చి కూర్చుంటుంది.

కాబట్టి ఆప్ట్ అప్‌డేట్ మాత్రమే కొట్టి, అంకెతో సహా 17 ప్యాకేజీ పేరు ఇచ్చి దాన్నొక్కదాన్నే దించుకోండి. ఎంటర్ నొక్కే ముందు ఆప్ట్ చూపించే జాబితాలో 14 సర్వర్ ప్యాకేజీ ఉందేమో చదవండి. ఉంటే అక్కడే ఆగి, సెలవు రోజుకు పెట్టుకోండి.

దించుకునే ముందు ఇంకో చిన్న పని ఉంది. 17 ప్యాకేజీ దిగగానే "మెయిన్" అనే పేరుతో ఒక క్లస్టర్ (ఒక సర్వర్, దాని డేటా ఫోల్డర్, కాన్ఫిగ్ అన్నీ కలిపి) దానంతటదే తయారవుతుంది. అది మనకు వద్దు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-కామన్ ప్యాకేజీకి చెందిన క్రియేట్‌క్లస్టర్ కాన్ఫిగ్ ఫైలులో, మెయిన్ క్లస్టర్ తయారు చేయమనే సెట్టింగును "ఫాల్స్" అని పెట్టి, ఆ తర్వాత ప్యాకేజీ దించండి.

3. క్లస్టర్‌కు వేరే పేరు పెట్టండి

పీజీ క్రియేట్‌క్లస్టర్‌తో 17లో "ట్రయల్" అనే పేరుతో క్లస్టర్ తయారు చేయండి. "14 మెయిన్", "17 మెయిన్" అని రెండుంటే, అలసిపోయిన రాత్రి ఒక్క అంకె తేడాతో లైవ్ డేటా తుడిచిపెట్టుకుపోయే వీలుంది. "14 మెయిన్", "17 ట్రయల్" అయితే రెండు మాటలూ తప్పు కొడితే గానీ ఆ ప్రమాదం జరగదు. పైగా మార్పిడి రోజున 17 మెయిన్ అనే పేరు ఖాళీగా ఉండాలి.

తయారు చేసేటప్పుడు మూడు విషయాలు విడమరిచి చెప్పండి:

☐ పోర్టు 5433. పాతది 5432లోనే ఉంటుంది.
☐ లొకేల్, పాతదాంట్లో ఉన్నదే. చెప్పకపోతే ఆ క్షణాన టెర్మినల్‌లో ఏది ఉంటే అది పడుతుంది.
☐ స్టార్ట్ పద్ధతి "మాన్యువల్". కరెంటు పోయి మెషీన్ మళ్లీ లేచినప్పుడు ట్రయల్ కూడా లేచి మెమరీ తినకూడదు.

తర్వాత పీజీ ఎల్ఎస్‌క్లస్టర్స్ కొట్టండి. రెండు వరుసలు, రెండు పోర్టులు, రెండు డేటా ఫోల్డర్లు కనిపించాలి. ఈ పని జరుగుతున్నన్నాళ్లూ ఏ పెద్ద ఆదేశానికైనా ముందు దీన్ని ఒకసారి కొట్టి చూడండి.

4. కంచెలు

పాత కాన్ఫిగ్ ఫైలును కొత్తదాని మీద కాపీ చేయవద్దు. 14 కోసం ఉబుంటు రాసిన ఫైలులో స్టాట్స్ టెంప్ డైరెక్టరీ అనే సెట్టింగు ఉంటుంది, 15 నుంచి దాన్ని తీసేశారు. ఆ ఒక్క లైనుకే 17 లేవనంటుంది. మీరు పాతదాంట్లో చేతితో మార్చిన సెట్టింగులు మాత్రం ఏరుకుని, కొత్తదాని కాన్ఫ్.డి ఫోల్డర్‌లో చిన్న ఫైలుగా పెట్టుకోండి. ఏం మార్చారో తర్వాత ఒక్కచోటే కనపడుతుంది.

మెమరీకి హద్దు. ట్రయల్ షేర్డ్ బఫర్స్‌ను, అంటే సర్వర్ తన కోసం పట్టి ఉంచుకునే మెమరీని, 256 ఎంబీ దగ్గర ఉంచండి. అంతటితో ఆగకుండా, సిస్టమ్‌డీలో (ఉబుంటులో సర్వీసులను నడిపే ప్రోగ్రాం) ట్రయల్ సర్వీసుకు మెమరీ మ్యాక్స్ కూడా పెట్టండి. మెషీన్‌లో మెమరీ అయిపోతే కెర్నల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపుతుంది, అది మన లైవ్ పోస్ట్‌గ్రెస్‌దే కావచ్చు. హద్దు ఉంటే చచ్చేది ట్రయల్ మాత్రమే.

పాస్‌వర్డ్ వేరు. అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే కంచె ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. డేటా దించుకున్న వెంటనే ట్రయల్ క్లస్టర్‌లో అప్లికేషన్ యూజర్ పాస్‌వర్డ్ మార్చేయండి. అప్పుడు పరీక్ష ప్రోగ్రాం పొరపాటున 5432కు వెళ్లినా, లైవ్ ప్రోగ్రాం పొరపాటున 5433కు వచ్చినా తలుపు తెరుచుకోదు. తప్పు అక్కడికక్కడ ఎర్రర్‌గా కనపడుతుంది, నాలుగు రోజుల తర్వాత లెక్కల్లో కాదు.

వినే చిరునామా. ట్రయల్‌ను లోకల్‌హోస్ట్ మీదే ఉంచండి. వేరే మెషీన్ నుంచి పరీక్షించాలంటే ఆ ఒక్క ఐపీకే అనుమతి ఇచ్చి, అదే ఐపీని లైవ్ సర్వర్ హెచ్‌బీఏ ఫైలులో (ఎవరు ఎక్కడి నుంచి కనెక్ట్ కావచ్చో రాసి ఉండేది) మొదటి వరుసలోనే తిరస్కరించండి. ఆ మార్పుకు రీలోడ్ చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు.

ప్రాంప్ట్. పోస్ట్‌గ్రెస్‌కు ఆదేశాలు కొట్టే పీఎస్‌క్యూఎల్ ప్రోగ్రాం ప్రాంప్ట్‌లో పోర్టు నంబరు కనపడేలా పెట్టుకోండి. డిలీట్ కొట్టే ముందు కళ్లు దాని మీద పడతాయి.

5. డేటా దించుకోవడం

పాతదాన్ని కూడా 17తో వచ్చిన పీజీ డంప్‌తోనే చదవాలి. మామూలుగా పేరు కొడితే ఏ వెర్షన్ లేస్తుందో చూసుకోనక్కర లేకుండా, 17 బిన్ ఫోల్డర్ నుంచి పూర్తి దారి ఇచ్చి నడపండి.

వరుస ఇలా:

మొదట పీజీ డంప్‌ఆల్‌తో గ్లోబల్స్ మాత్రమే. యూజర్లు, వాళ్ల పాస్‌వర్డ్‌లు అందులో ఉంటాయి, పీజీ డంప్‌లో ఉండవు. ఇది మరిచిపోతే రీస్టోర్ అంతా "రోల్ లేదు" అనే ఎర్రర్లే.

తర్వాత 17కు కావాల్సిన ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీలు. పోస్ట్‌జీఐఎస్ లాంటివి వెర్షన్‌కొక ప్యాకేజీ, 14ది 17కు పనికిరాదు.

ఆపైన పీజీ డంప్, డైరెక్టరీ ఫార్మాట్‌లో. డంపు నడుస్తుండగా లైవ్‌లో బిల్లులు కొట్టుకోవచ్చు, చదవడం రాయడం ఆగవు. టేబుల్ ఆకారం మార్చే ఆదేశాలు మాత్రం ఆగుతాయి. డిస్కు మీద భారం పడుతుంది కాబట్టి రాత్రి పది దాటాక పెట్టండి, ఆ వేళకు క్రాన్ బ్యాకప్ లేకుండా చూసుకోండి.

చివరగా పీజీ రీస్టోర్, "క్రియేట్" ఆప్షన్‌తో. అప్పుడు పాత డేటాబేస్ ఎన్‌కోడింగ్, లొకేల్ అలాగే వస్తాయి. మీరే ఖాళీ డేటాబేస్ తయారు చేసి అందులో పోస్తే వరుసలు మారే వీలుంది. సీ లొకేల్‌లో ఇంగ్లీషు పెద్ద అక్షరాల పేర్లన్నీ ముందు, చిన్నవి తర్వాత వస్తాయి. వేరే లొకేల్‌లో కలిసిపోతాయి. గుమస్తా రోజూ చూసే రైతుల జాబితా ఒక్కసారిగా కొత్తగా కనపడుతుంది.

రీస్టోర్ కాగానే వాక్యూమ్‌డీబీతో అనలైజ్ నడపండి. అది లేకుండా 17 వేగాన్ని తూచడం అన్యాయం. టేబుళ్లలో ఏముందో తెలియకుండానే ప్లాన్లు వేస్తుంది.

మధ్యలో కరెంటు పోయినా, ఎర్రర్లు వచ్చినా అతుకులు వేయకండి. ట్రయల్ డేటాబేస్ తీసేసి మొదటి నుంచి పోయండి. పక్కన పెట్టి చేసే పరీక్షలో ఉన్న వెసులుబాటే అది.

6. బయటి ప్రపంచానికి వెళ్లే దారులు మూయండి

డేటాబేస్ వేరైనంత మాత్రాన పరీక్ష వేరు కాదు. కాపీలో ఉన్నవి నిజమైన రైతుల ఫోన్ నంబర్లు, నిజమైన బ్యాంకు ఖాతాలు. అప్లికేషన్ పరీక్ష కాపీని తెరిచే ముందు:

☐ ఎస్ఎంఎస్, వాట్సాప్ గేట్‌వే కీలు తీసేయండి.
☐ ట్రయల్‌లో ఫోన్ నంబర్ల కాలమ్ అంతటినీ మీ టెస్ట్ నంబరుతో నింపండి. కీలు ఎక్కడో మిగిలిపోయినా ఊళ్లకు మెసేజ్‌లు పోవు.
☐ ఇ-వే బిల్లు, ఇ-ఇన్‌వాయిస్ లాగిన్లు తీసేయండి, లేదా శాండ్‌బాక్స్ వివరాలు పెట్టండి.
☐ క్రాన్ పనులు ట్రయల్ వైపు నడవకుండా చూడండి.
☐ డేటాబేస్ లోపల ఫారిన్ సర్వర్లు, డీబీలింక్ వాడే ట్రిగ్గర్లు ఉన్నాయేమో వెతకండి. రీస్టోర్‌తో పాటు అవీ వస్తాయి, వేరే లైవ్ సర్వర్‌నే చూపిస్తుంటాయి.
☐ పరీక్ష స్క్రీన్ రంగు మార్చండి. కౌంటర్ దగ్గరున్న మనిషికి ఏది ఏదో చూడగానే తెలియాలి.

కాపీకి అసలుకిచ్చే కాపలాయే ఇవ్వండి. డంపు ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అరండల్‌పేట నుంచి బ్రాడీపేట దాకా తిప్పడం పరీక్ష పద్ధతి కాదు. అందులో ఉన్నది మనుషుల సమాచారం.

7. అసలు పరీక్ష

మొదట లెక్కలు. ప్రతి టేబుల్‌లో వరుసల సంఖ్య, డబ్బు కాలమ్‌ల మొత్తం, సీక్వెన్సుల (వరుస నంబర్లు ఇచ్చేవి) ప్రస్తుత అంకె రెండు వైపులా తీసి పోల్చండి. డంపు తీసిన క్షణం తర్వాత లైవ్‌లో చేరినవి వదిలేయాలి కాబట్టి తేదీ హద్దు పెట్టి తీయండి. సీక్వెన్సులకు ఆ హద్దు కుదరదు, లైవ్ అంకె కాస్త ముందుండటం తప్పు కాదు. పైసలతో సహా కలవాలి.

తర్వాత గుమస్తా. ఇది నేను గట్టిగా చెప్పే మాట: పరీక్ష మీరు చేస్తే చాలదు, రోజూ పట్టీలు కొట్టే మనిషి చేయాలి. మార్చిలో బాగా రద్దీగా ఉన్న ఒక రోజు కాగితం పట్టీలు తీయండి. తేజ, 334, బాడిగ, తాలు, ఇలా అన్ని రకాలూ ఉన్న రోజు చూసుకోండి. వాటిని ట్రయల్‌లో మళ్లీ ఎక్కించమనండి. టిక్కీలు, తూకం, కమీషన్, హమాలీ, కాటా కూలి, చివరికి రైతుకు వచ్చే మొత్తం, అన్నీ కాగితంతో కలవాలి. ప్రోగ్రాం రాసినవాళ్లకు తోచని పనులు గుమస్తా చేస్తాడు: సగం పట్టీ ఆపి ఇంకోటి తెరుస్తాడు, కొట్టిన లాట్ రద్దు చేస్తాడు, పేరులో చుక్క పెట్టి వెతుకుతాడు. లోపాలు బయటపడేది అక్కడే.

ఏప్రిల్ పరీక్ష కూడా మరవద్దు. చాలా ప్రోగ్రాంలు ఆర్థిక సంవత్సరానికొక కొత్త డేటాబేస్ తయారు చేస్తాయి. 15 నుంచి కొత్తగా పుట్టే డేటాబేస్‌లో పబ్లిక్ స్కీమాలో టేబుళ్లు తయారు చేసే హక్కు మామూలు యూజర్లకు లేదు. డంపు నుంచి వచ్చిన పాత డేటాబేస్‌లో హక్కులు అలాగే ఉంటాయి కాబట్టి పరీక్షంతా సాఫీగా సాగిపోతుంది. ఏప్రిల్ 1న మాత్రం కొత్త డేటాబేస్‌కు ఓనర్ వేరే యూజర్ అయితే "పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్" అని ఆగిపోతుంది. ట్రయల్‌లోనే వచ్చే సంవత్సరం డేటాబేస్ ఒకటి తయారు చేయించి చూడండి. ఆగితే, ఆ డేటాబేస్‌కు అప్లికేషన్ యూజర్‌ను ఓనర్‌గా పెట్టడమే శుభ్రమైన పరిష్కారం.

వేగం ఆఖరున. నిదానంగా వచ్చే పది రిపోర్టులు ఎంచుకుని ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌తో (డేటాను ఏ దారిలో వెతికిందో, అంటే ప్లాన్‌ను, చూపే ఆదేశం) రెండు వైపులా నడపండి. ఒక్కోటి మూడుసార్లు నడిపి మూడోది తీసుకోండి. ట్రయల్‌కు మెమరీ తక్కువ ఇచ్చాం, పక్కన లైవ్ కూడా నడుస్తోంది, అందుకే మిల్లీసెకన్లను పోల్చి కంగారు పడొద్దు. ప్లాన్ ఆకారం చూడండి: 14లో ఇండెక్స్ వాడిన చోట 17 టేబుల్ మొత్తం చదువుతుంటే అదే పట్టించుకోవాల్సిన తేడా.

8. తరచూ జరిగే తప్పులు, సరిచేసే తీరు

ట్రయల్‌ను రీస్టార్ట్ చేయబోతే లైవ్ కూడా రీస్టార్ట్ అయింది. సిస్టమ్‌డీలో ఉత్త "పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్" సర్వీసు అన్ని క్లస్టర్లకూ పెద్ద. పీజీ సీటీఎల్‌క్లస్టర్‌తో, వెర్షన్, పేరు రెండూ ఇచ్చి రీస్టార్ట్ చేయండి.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా లోపలికి రానివ్వదు. మీ 14 అంతకన్నా పాత వెర్షన్ నుంచి వచ్చి ఉంటే, యూజర్ల పాస్‌వర్డ్‌లు ఎండీ5 అనే పాత రూపంలో ఉండిపోయి ఉండవచ్చు. కొత్త క్లస్టర్ స్క్రామ్ అనే కొత్త రూపం అడుగుతుంది. ప్రోగ్రాం డ్రైవర్‌కు స్క్రామ్ వచ్చో రాదో చూసి, పాస్‌వర్డ్ మళ్లీ పెట్టండి.

ఎలా ఉంటుందో చూద్దామని పీజీ అప్‌గ్రేడ్‌క్లస్టర్ నడిపారు. అది పరీక్ష సాధనం కాదు, మార్పిడి సాధనం. పని ముగిశాక మామూలుగా పోర్టులు తారుమారు చేస్తుంది: కొత్తది 5432కు వస్తుంది, పాతది వేరే పోర్టుకు పోయి మాన్యువల్ అవుతుంది. లైవ్ మెషీన్‌లో ఊరికే నడిపి చూసే ఆదేశం కాదు.

వేగం కోసం ట్రయల్‌లో ఎఫ్‌సింక్ (రాసింది డిస్కుకు చేరిందని ఖాయం చేసే సెట్టింగు) ఆపారు, అదే కాన్ఫిగ్ తర్వాత లైవ్‌కు వెళ్లింది. కరెంటు పోయిన మొదటి రోజే డేటా పాడవ్వొచ్చు. ట్రయల్‌లో కూడా దాన్ని ముట్టుకోకండి.

9. మార్పిడి రోజు, వెనక్కి వచ్చే దారి

పరీక్ష నెగ్గాక మార్పిడికి ముందు ఒక రిహార్సల్ చేయండి, వేరే మెషీన్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఎన్ని గంటలకు ఆపి, ఎన్ని గంటలకు తెరుస్తారో యజమానికి ఆ అంకె చూసే చెప్పండి.

పీజీ అప్‌గ్రేడ్‌లో లింక్ మోడ్ (ఫైళ్లను కాపీ చేయకుండా పాతవాటినే వాడుకునే పద్ధతి) చాలా త్వరగా అవుతుంది. కానీ ఆ పద్ధతిలో కొత్త సర్వర్ ఒక్కసారి లేచిందంటే పాతదాన్ని మళ్లీ క్షేమంగా లేపలేరు. దుకాణం స్థాయి డేటాకు ఆ తొందర అక్కర్లేదు. డంపు పద్ధతో కాపీ పద్ధతో వాడండి, పాతది చెక్కుచెదరకుండా పక్కన ఉంటుంది.

వెనక్కి వచ్చే గడువు ముందే నిర్ణయించండి. 17లో కొట్టిన పట్టీలు 14లో ఉండవు. మొదటి రోజు మధ్యాహ్నానికి వెనక్కి రావాలంటే పొద్దుటి పట్టీలు తిరిగి ఎక్కించాలి, అందుకని ఆ రోజు ప్రతి పట్టీకీ కాగితం కాపీ తీసి వరుసగా ఉంచమనండి. సాయంత్రం దాటితే వెనక్కి కాదు, అక్కడే సరిచేసుకోవడం.

వందల జీబీల డేటా ఉండి, గంట కూడా ఆపలేని చోట లాజికల్ రెప్లికేషన్ (పాతదాంట్లో మార్పులను ఎప్పటికప్పుడు కొత్తదానికి పంపడం) దారి ఉంది. ప్రైమరీ కీ లేని టేబుళ్లు, సీక్వెన్సులు, స్కీమా మార్పులు అక్కడ విడిగా చూసుకోవాలి. అది ఇంకో మార్గదర్శికి సరిపడా పని.

10. తర్వాత

17 మెయిన్ స్థిరపడ్డాక 17 ట్రయల్‌ను పీజీ డ్రాప్‌క్లస్టర్‌తో తీసేయండి. కొట్టే ముందు పీజీ ఎల్ఎస్‌క్లస్టర్స్, పేరు గట్టిగా చదవడం, తర్వాతే ఎంటర్. డంపు ఫైళ్లు కూడా తుడిచేయండి.

14 మెయిన్‌ను మాత్రం ఆపి ఉంచండి, తీయవద్దు. ఒక నెలాఖరు లెక్కలు 17లో ముగిసి సరిపోయాకే దాని ప్యాకేజీ తీయండి. పర్జ్ చేసేటప్పుడు డేటా కూడా తీసేయాలా అని అడుగుతుంది, అంతకు ముందే ఆఖరి డంపు ఒకటి వేరే డిస్కులో ఉండాలి.

మార్పిడి జరిగిన రాత్రే చూడాల్సింది బ్యాకప్ స్క్రిప్టు. అందులో 14 బిన్ ఫోల్డర్ దారి రాసి ఉంటే 17 సర్వర్‌ను అది చదవలేదు, ఖాళీ ఫైలు రాసి ఊరుకోవచ్చు. దారి మార్చి, ఆ రాత్రి వచ్చిన ఫైలును తెల్లారి కౌంటర్ తెరిచే లోపే వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూడండి.